డాక్టర్ సోమశేఖర్ గారి తమ్ముడు

సార్నియా,
మార్చి 2022

అక్కకి,

ముందుగా ఒక ముఖ్యమైన ప్రకటన. నిలబడి ఉంటే కూర్చో, కూర్చుని ఉంటే కళ్ళజోడు పెట్టుకో. మొన్న ఆదివారం, సార్నియా నగరంలో, మంచు పడుతుండగా, పెద్దలందరూ చూస్తుండగా, నా వ్యాన్ హారన్ మోగింది. కొన్ననాటి నుంచీ మూగగా ఉన్నది. నేను నొక్కలేదు, దానంతట అదే మోగింది. ముందు కారులో ఉన్న ముసలాయన దిగి వచ్చి, నాకు ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు. ఈ కెనడాలో హారన్ కొడితే తిట్టరు, జాలిపడతారు. ప్రకటన సమాప్తం.

ఇక సంగతి. నీకు ఉత్తరాలు రాయమని మీనాక్షి ఫోన్ చేసింది. ఫోన్‌లో అయితే నీ చెవి మిషన్ ఈల వేస్తుంది, నువ్వు నన్ను వదిలేసి దాన్ని తిడుతూ కూర్చుంటావు. పైగా నిన్ను రోజూ చేత్తో ఏదో ఒకటి రాయమని డాక్టర్ చెప్పాడట. ఎందుకో మీ అమ్మాయి వివరంగా చెప్పింది గానీ నేను వినిపించుకోలేదు. ఇష్టం లేని మాటలు నాకు మిషన్ లేకుండానే వినపడవు.

నా సంగతి తెలిసిందే. మస్కట్‌లో ఏం వండేవాణ్నో ఇక్కడ హోటల్లోనూ అదే వండుతున్నాను, చలి ఎక్కువ. ఊళ్ళోకి కాలేజీ పిల్లలు మిడతల దండులా దిగారు. బస్సులు తక్కువ, అందుకని పొద్దున్నే ఒక బ్యాచ్‌ని నా వ్యాన్‌లో దింపుతాను. కర్నూలు, కరీంనగర్, కాకినాడ ఒకే సీట్లో ఇరుక్కుని కూర్చుంటాయి. ఎప్పుడు చూసినా ఒకటే మాట, పార్ట్ టైమ్ దొరికిందా, దొరికిందా అని. కాఫీ షాపుకి వెళ్ళి కాఫీ తాగే తెలుగువాణ్ని ఈ ఏడాది నేను చూడలేదు, అందరూ రెజ్యూమే ఇచ్చి వచ్చేవాళ్ళే.

ఆ ఏడుపు వినలేక ఒకరోజు నీ గురించి చెప్పాను. మా అక్క డాక్టర్, మనుషులకి కాదు, గ్రహాలకి అని. నవ్వారు. అప్పుడు నువ్వు రాసిన "ఉప్పు గ్రహం" చెప్పడం మొదలుపెట్టాను. రోజుకో భాగం. ఐదో భాగం అయిపోయేసరికి పార్ట్ టైమ్ మాటే లేదు. రిషిత అని కరీంనగర్ పిల్ల ఉంది, నర్సరీ పిల్లలా ముందుకి వంగి, "తలుపు తీసిందా అంకుల్ ఆమె?" అని అడిగింది. ఆరో భాగం రాకముందే పత్రిక మూతబడింది అని చెప్పాను. నేనేదో వాళ్ళ పాస్‌పోర్టులు దాచేసినట్టు చూశారు.

ఇప్పుడు అసలు వార్త. వాన్ అనే ఊళ్ళో మహీధర్ గారని ఒక పెద్దమనిషి ఉన్నారు. పిల్లల ద్వారా ఈ సంగతి ఆయన దాకా వెళ్ళింది. ఆయన మీ "గ్రహరేఖ" పత్రికని మళ్ళీ మొదలుపెడుతున్నారట, కెనడా నుంచి. ఆరో భాగం కావాలంటున్నారు. రాస్తావా?

నీ తమ్ముడు,
కోదండం


విన్నిపెగ్,
ఏప్రిల్ 2022

చిరంజీవి కోదండానికి, అక్క ఆశీస్సులు.

నీ హారన్‌కి నా అభినందనలు. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడి వ్యాన్ కదా, దానికీ నోరు తెరవడానికి ఇంత కాలం పట్టింది.

"గ్రహరేఖ" పేరు నీ రాతలో చూసి ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. మీనాక్షి ఏమైందమ్మా అని అడిగింది. దానికేం తెలుసు, అప్పటికి పుట్టలేదుగా. ఏలూరులో మా సంపాదకుడు అమరేశ్వరరావు గారి మేడ మీద గది, సిరా వాసన, ఆయన ముక్కుపొడి. ఆయన రూలు నీకు గుర్తుందా? అంతరిక్షం గురించి రాసేవాడు డాక్టర్ కాకపోతే తెలుగు పాఠకుడు నమ్మడని, రాసే అందరికీ ఆయనే డాక్టరేట్ ఇచ్చేవాడు. ఇంటర్ తప్పిన పోస్టాఫీసు గుమాస్తా డాక్టర్ ఆర్యభట్. నేను డాక్టర్ సోమశేఖర్. ఆడపిల్ల పేరుతో వేస్తే ఓడ నేల మీద నుంచి లేవదన్నాడు.

తాడేపల్లిగూడెం నుంచి ఒకాయన తనకి కడుపులో గ్యాస్ అని డాక్టర్ సోమశేఖర్‌కి ఉత్తరం రాశాడు. పాఠకుడి ప్రతి ఉత్తరానికీ రచయితే జవాబు ఇవ్వాలనేది అమరేశ్వరరావు గారి ఇంకో రూలు. మజ్జిగలో వాము వేసుకోమని రాశాను. తగ్గిందట. బస్సులో వంకాయల బుట్ట పంపించాడు. మనం తిన్నాం.

ప్రతి భాగం ముందు నీకే చదివి వినిపించేదాన్ని. నువ్వు ఆవులించిన చోటల్లా కొట్టేసేదాన్ని. అందుకే నా కథలు అంత పొట్టి.

ఆరో భాగం నా బుర్రలోనే ఉండేది, కాగితం మీద పెట్టలేదు. నీ ఉత్తరం వచ్చాక వెతికాను. లేదురా. పెట్టిన చోట లేదు. ఈ మధ్య చాలా వస్తువులు అలాగే అవుతున్నాయి. నాకు మొదటి ఐదు భాగాలు కూడా ముక్కలుముక్కలుగానే ఉన్నాయి. నీ దగ్గరైతే మొత్తం ఉంటాయి, చదువు ఎక్కని బుర్రలో జాగా ఎక్కువ కదా. ప్రతి భాగం పైన "జరిగిన కథ" అని వేసేవాళ్ళం చూడు, అలా రాసి పంపు. నీ సొంత పైత్యం కలపకు.

ఇట్లు,
బాలత్రిపురసుందరి


సార్నియా,
మే 2022

అక్కకి,

జరిగిన కథ: ఉప్పు గ్రహం మీద ఎటు చూసినా ఉప్పే. అక్కడ ఏముందో చూడ్డానికి ఐదుగురు వెళ్ళారు. ఓడ పాడైంది. వైదేహి రేడియో మనిషి కాబట్టి గుడారంలో ఉండిపోయింది. మిగతా నలుగురూ అవతలి పక్కకి నడిచి వెళ్ళారు, తిరిగి రాలేదు. ఆవిడ భూమికి మాట పంపితే అది చేరి జవాబు రావడానికి ఎనిమిది నెలలు. అయినా పంపుతూనే ఉంది. జవాబు ప్రతిసారీ "నేల మాట్లాడుతోంది" అని మొదలవుతుంది. ధైర్యం చెప్తుంది, జోకులు వేస్తుంది, అన్నం తిన్నావా అని అడుగుతుంది. ఇలా ఏళ్ళు గడిచాయి. వైదేహికి తోడుగా కోదండం అనే అందమైన వంటవాడు ఉన్నాడు. ఉప్పు వెయ్యకుండా పులుసు పెట్టడంలో అతనిది అందెవేసిన చెయ్యి. ఒకరోజు ఆకాశంలో దీపం కనబడింది. ఓడ దిగింది. ఎవరో తలుపు తట్టారు. అప్పుడే రేడియో పలికింది: "నేల మాట్లాడుతోంది. తలుపు తియ్యకు. మేం ఏ ఓడనీ పంపలేదు." (ఇంకా ఉంది)

ఆ ఇంకా ఉన్నది నలభై ఏళ్ళుగా లేదు. అప్పట్లో నీ వెంటపడి అడిగితే, అచ్చయ్యాక చదువుకోరా అన్నావు. అందుకోసమే కూడబలుక్కుని చదవడం మరిచిపోకుండా ఉంచుకున్నాను.

ఇంకోటి. రిషిత తప్పు పట్టింది. ఈ పిల్ల చదివేది కంప్యూటర్లు, చేసేది ఒక షాపులో అట్టపెట్టెలు విప్పడం, అయినా బుర్ర పాదరసం. ఆమె ఏమందంటే, "అంకుల్, జవాబు రానీకి ఎనిమిది నెలలు పడ్తది గదా. ఓడ ఇప్పుడే దిగింది. తలుపు తియ్యకు అని భూమికెట్ల ఎరుక?" ఆ సంగతి మా అక్కనే అడుగుతానన్నాను. డాక్టర్ సోమశేఖర్ గారు లెక్క తప్పారా?

కోదండం


విన్నిపెగ్,
జూన్ 2022

కోదండానికి,

వంటవాడు లేడు. గుడారంలో వైదేహి ఒక్కతే. నీ పైత్యం కలపవద్దని చెప్పానా లేదా?

ఆ అమ్మాయి ప్రశ్న చదివి నాకు నిద్ర పట్టలేదు. ఆ అమ్మాయికి చెప్పు, డాక్టర్ సోమశేఖర్ లెక్క తప్పే మనిషి కాదు. అమరేశ్వరరావు గారు రాకెట్ వేగాలు తప్పుగా అచ్చేస్తే పోట్లాడినదాన్ని నేను. అది తప్పు కాదు, కావాలనే పెట్టాను. ఎందుకు పెట్టానో అదే అందడం లేదు. నాలుక చివర ఉంది. రోజూ రాసుకుంటూ దాని దగ్గరిదాకా వెళ్తున్నాను, అది నన్ను చూసి పక్క గదిలోకి వెళ్ళిపోతోంది.

నీకు ఒక తమాషా చెప్పనా? తాడేపల్లిగూడెం నుంచి ఒకాయన తనకి గ్యాస్ అని డాక్టర్ సోమశేఖర్‌కి ఉత్తరం రాశాడు. మజ్జిగలో వాము వేసుకోమన్నాను. వంకాయలు పంపించాడు.

ఇక నీ మహీధర్ గారు. అడగాల్సింది ఆయన, అడుగుతున్నది నువ్వు. సంపాదకుడు స్వయంగా ఉత్తరం రాసి అడగకపోతే నేను ఒక్క అక్షరం పంపను. అమరేశ్వరరావు గారు ఎండలో సైకిల్ తొక్కుకుంటూ వచ్చి అడిగేవారు. మా పద్ధతి అది.

బాలత్రిపురసుందరి


వాన్,
జూలై 2022

మహారాజశ్రీ డాక్టర్ సోమశేఖర్ గారి దివ్యసముఖమునకు,

"గ్రహరేఖ" సంపాదకుడు మహీధర్ నమస్కరించి వ్రాసుకొను విన్నపము. తమరి "ఉప్పు గ్రహం" ఆరవ భాగం కొరకు కెనడా నలుమూలలా నాలుగు వేల మంది పాఠకులు నిద్రాహారములు మాని ఎదురుచూచుచున్నారు. విన్నిపెగ్‌లో చలికి గడ్డకట్టినవారు తమ కథ వేడికి కరుగుచున్నారు. తమరు వ్రాయనిచో నేను ఎండలో సైకిలు తొక్కుకొనుచు రాగలను గానీ, మధ్యలో సరస్సులున్నవి.

గడువు లేదు. తమకు వీలైనప్పుడు, వీలైనంత. వ్రాయుట మాత్రం మానవద్దని ప్రార్థన.

భవదీయుడు,
మహీధర్


విన్నిపెగ్,
సెప్టెంబర్ 2022

మావయ్యా,

నేను మీనాక్షిని. నాకు తెలుగు రాయడం సరిగ్గా రాదు, తప్పులుంటే సర్దుకో.

మహీధర్ గారి ఉత్తరం నేనే అమ్మకి ఇచ్చాను. కవర్ మీద వాన్ ముద్ర ఉంది. అయినా ఆ చేతిరాత నాకు తెలియదా? నా చిన్నప్పుడు మస్కట్ నుంచి నాకు ఒంటె రాసినట్టు ఉత్తరాలు రాసేవాడివి, ఇప్పుడు సంపాదకుడు రాసినట్టు రాశావు. వాన్‌లో పోస్ట్ చెయ్యమని ఎవర్ని బతిమాలావో గానీ.

కోపం లేదు. ఆపొద్దని చెప్పడానికే రాస్తున్నాను. అమ్మ పొద్దున లేవగానే తల దువ్వుకుని టేబుల్ దగ్గర కూర్చుంటోంది. ఆ కాసేపు అమ్మ అమ్మలాగే ఉంటుంది. లేచాక కష్టం. స్టవ్ నాబ్‌లు తీసి దాచాను. పోయిన వారం చెప్పకుండా బయటికి వెళ్ళింది. ఎవరో బస్ స్టాప్‌లో చూసి ఫోన్ చేశారు. వెళ్ళేసరికి, ప్రెస్సుకి వెళ్ళే బస్సు ఎంతకీ రావట్లేదని నాతో కంప్లయింట్ చేసింది. ఏలూరు ప్రెస్సుకి. నేను అవునమ్మా, ఈ ఊళ్ళో బస్సులు లేటే అన్నాను.

డాక్టర్ మందు మార్చాడు. ఈ మతిమరుపు ఆగదు, నెమ్మదిస్తుందేమో అన్నాడు, అది కూడా నా మొహం చూడకుండా.

నీ ఉత్తరాలు కూడా అమ్మ పక్కన పెడుతున్నాను. మహీధర్ గారివి మాత్రమే తనవని చదువుతోంది, నీవి ఎవరివో అన్నట్టు చూస్తోంది. నీకు ఎలా చెప్పాలో తెలియక ఇన్నాళ్ళూ చెప్పలేదు. నువ్వు ఒకసారి రాగలవా?

మీనాక్షి


విన్నిపెగ్,
అక్టోబర్ 2022

గౌరవనీయులైన సంపాదకులు మహీధర్ గారికి, నమస్కారములు.

ఆరో భాగం సాగుతోంది. సగం పైన అయింది. వైదేహి తలుపు దగ్గరే ఉంది. బయట తడుతూనే ఉన్నారు. నాకు కారణం దొరికింది. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నలోనే ఉంది. ఇంతకంటే ఇప్పుడు చెప్పను, అచ్చయ్యాక చూడండి.

మీ దృష్టికి ఒక విషయం తీసుకురావాలి. సార్నియా అనే ఊరి నుంచి కోదండరామ్ అనే ఆయన నాకు తరచుగా ఉత్తరాలు రాస్తున్నారు. మీ పాఠకులే అయి ఉంటారు. నన్ను అక్కా అంటున్నారు, నువ్వు అంటున్నారు. వ్యాన్ గురించి, పులుసు గురించి రాస్తారు. నా కథలో తనని వంటవాడిగా పెట్టమని అడుగుతున్నారు. మనిషి మంచివాడే అనిపిస్తుంది, నవ్వు కూడా వస్తుంది. కానీ పరిచయం లేని స్త్రీకి ఇంత చనువుగా రాయడం పద్ధతి కాదు. ఆయన మనసు నొప్పించకుండా మీరే ఒక మాట చెప్పండి. పాఠకుల ప్రతి ఉత్తరానికీ జవాబు రాయడం మా నియమం. ఈయనకి మాత్రం ఏం రాయాలో తోచడం లేదు.

ఇట్లు,
డాక్టర్ సోమశేఖర్


సార్నియా,
నవంబర్ 2022

మీనాక్షీ,

నువ్వు ఫొటో తీసి పంపిన ఉత్తరం చదివాను. ఆ కోదండరామ్ అనేవాడికి గట్టిగా బుద్ధి చెప్పాను. వాడు వినే రకం కాదు.

జోకు వేద్దామనే కూర్చున్నాను. ఆ పై రెండు మాటలు రాశాక లేచి వంటింట్లోకి వెళ్ళాను. ఉల్లిపాయలు తరిగి మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

మహీధర్ అనేవాణ్ని సరదాకి పుట్టించాను. మీ అమ్మ రోజూ రాస్తుందని ఒకటి, ఆరో భాగం వినొచ్చని ఒకటి. ఇప్పుడు వాడు నా కుర్చీలో కూర్చుని లేవడం లేదు. వాణ్ని చంపేస్తే మీ అమ్మ కలం కింద పెట్టేస్తుంది. బతకనిస్తే నేను ఉండను. ఇంత చదువుకున్నదానివి, ఏదైనా దారి ఉంటే చెప్పు.

రమ్మన్నావు. నా పని పర్మిట్ ఈ హోటల్ పేరు మీదే ఉందమ్మా. ఇక్కడే ఉండిపోవడానికి పెట్టిన పి.ఆర్. ఫైల్ ఎక్కడుందో ఆ దేవుడికీ, ఆ వెబ్‌సైట్‌కీ తెలియాలి. ఇంకో వంటవాడు మానేసి అల్బర్టా వెళ్ళిపోయాడు. సెలవు అడిగితే ఓనర్ కాదనలేదు, వెళ్ళిరా, వచ్చాక మాట్లాడుకుందాం అన్నాడు. ఆ మాటకి అర్థం ఇక్కడ పనిచేసే ప్రతివాడికీ తెలుసు. వ్యాన్ వేసుకుని బయల్దేరేద్దామని రెండుసార్లు పెట్రోల్ కొట్టించాను. రెండుసార్లూ పిల్లల్ని కాలేజీకి దింపి హోటల్‌కే వెళ్ళాను.

వచ్చి మాత్రం ఏం చేస్తాను? ఎవరండీ మీరు అని అడిగితే ఏ పేరు చెప్పాలి? మహీధర్ అంటే కుర్చీ వేస్తుంది. కోదండం అంటే తలుపు తీస్తుందో లేదో.

ఇకనుంచీ కోదండం ఉత్తరాలు ఆపేస్తాను. కంప్లయింట్ వచ్చింది కాబట్టి. మహీధర్ రాస్తాడు. వాడు అన్నం తిన్నారా అని అడిగితే బాగుండదు కాబట్టి, ఆ సంగతి నువ్వు నాకు చెప్తూ ఉండు.

మావయ్య


విన్నిపెగ్,
జనవరి 2023

సంపాదకులు మహీధర్ గారికి, నమస్కారములు.

"ఉప్పు గ్రహం" ఆరవది, చివరిది అయిన భాగం ఇందుతో పంపుతున్నాను. అక్షరాలు వంకరపోతున్నాయి, కొన్ని చోట్ల మీనాక్షి అనే అమ్మాయి రాసిపెట్టింది. మంచి పిల్ల.

(ఆరవ భాగం)

వైదేహి తలుపు మీద చెయ్యి వేసి ఆగింది. మాట భూమి నుంచి రావడానికి నెలలు పడుతుంది. ఓడ ఇప్పుడే దిగింది. అయితే ఈ మాట భూమి నుంచి రాలేదు. దగ్గర్నుంచి వచ్చింది. ఓడ దిగడం కళ్ళతో చూసినవాడు పలికాడు.

ఆమె రేడియో దగ్గరికి వచ్చి కూర్చుంది. "నువ్వు నేలవి కావు," అంది.

అప్పుడు ఆ గొంతు అసలు సంగతి చెప్పింది. అవతలి పక్కకి వెళ్ళిన నలుగురిలో ముగ్గురు పోయారు. అతనొక్కడే మిగిలాడు. కాళ్ళు పనిచెయ్యవు. తను బతికున్నానని చెప్తే ఆమె వెతుక్కుంటూ ఉప్పు మీద నడిచి వస్తుంది, దారిలోనే పోతుంది. అందుకని నేలలాగా మాట్లాడాడు. ఆమె ఏది అడిగినా ఎనిమిది నెలలు ఆగి జవాబు చెప్పేవాడు. ఓడ కనబడిన రోజు మాత్రం ఆగలేకపోయాడు. ఆమె వెళ్ళిపోతే ఇక ఎవరితో మాట్లాడాలో అతనికి తెలియదు.

వైదేహి వెళ్ళి తలుపు తీసింది. ఓడవాళ్ళు లోపలికి వచ్చారు. గాలి తిరిగేలోపు బయల్దేరాలన్నారు. ఇంకొకరు ఉన్నారు, అవతలి పక్క, మోసుకు రావాలి అంది ఆమె. ఓడ నాయకుడు కాగితం తీసి పేరు అడిగాడు. పేరు లేకుండా ఎవర్నీ ఎక్కించుకోం అన్నాడు.

ఆమె ఆలోచించింది. ఎంత ఆలోచించినా పేరు రాలేదు.

"పేరు గుర్తు లేదు," అంది. "గొంతు గుర్తుంది. ఒకడున్నాడు."

(అయిపోయింది)

చివరి భాగంతో పాటు రచయిత పరిచయం వెయ్యడం "గ్రహరేఖ" ఆనవాయితీ. నా గురించి నేను రాద్దామని కూర్చుంటే కొన్ని ఉన్నాయి, కొన్ని లేవు. ఎక్కడ పుట్టానో ఉంది. ఇక్కడికి ఎలా వచ్చానో లేదు. మీరే విచారించి, నా జరిగిన కథ రాసి వేసుకోండి. అచ్చయ్యే ముందు నాకు ఒకసారి చూపించండి.

డాక్టర్ సోమశేఖర్


సార్నియా,
ఫిబ్రవరి 2023

డాక్టర్ సోమశేఖర్ గారికి,

ఆరో భాగం అందింది. హోటల్ వెనక గుమ్మంలో నిలబడి చదివాను. ఎక్కడా ఆవులించలేదు. ఒక్క మాట కూడా కొట్టెయ్యకండి.

రిషిత అనే ఆ అమ్మాయి కోర్సు అయిపోయింది. ఇక్కడ పని దొరక్క వాన్ వెళ్ళిపోయింది, అక్కడ వేర్‌హౌస్‌లో చేస్తోంది. ఫోన్ చేసి, బ్రేక్‌లో ఉండగా మొత్తం చదివి వినిపించాను. అయ్యాక, వెనక పెట్టెలు మోసే బెల్టుల చప్పుడు మధ్య అడిగింది: "మరి ఆయన్ని ఎక్కించుకున్నరా అంకుల్?" నాకు తెలీదమ్మా అన్నాను. ఆమె బ్రేక్ అయిపోయింది.

మీరు అడిగిన పరిచయం ఇదిగో. మీనాక్షి చదివి వినిపిస్తుంది.

జరిగిన కథ: డాక్టర్ సోమశేఖర్ గారి అసలు పేరు బాలత్రిపురసుందరి. ఏలూరులో పుట్టారు. వంటింటి గడప మీద కూర్చుని నక్షత్రాల గురించి రాశారు. అంతరిక్షం గురించి రాయడంలో ఆంధ్రదేశంలో ఆమెని మించినవారు లేరని రష్యావాళ్ళు ఉత్తరం రాశారు. తాడేపల్లిగూడెంలో ఒకాయన కడుపుబ్బరం నయం చేశారు. పెళ్ళయ్యాక కలం పక్కన పెట్టారు, అయినా ఏనాడూ విచారించలేదు. భర్త పోయాక కూతురు మీనాక్షి విన్నిపెగ్‌కి తెచ్చుకుంది. మీకు రాసిపెడుతున్న మంచి పిల్ల ఆమే. డెబ్బై ఏళ్ళ వయసులో "ఉప్పు గ్రహం" పూర్తి చేశారు. నాలుగు వేల మంది పాఠకులు ఆనందించారు. ఆమెకి సార్నియాలో కోదండరామ్ అనే తమ్ముడున్నాడు, అందగాడు.

అచ్చయ్యే ముందు చూపించమన్నారు. చూపించేటప్పుడు అబద్ధం ఉంచకూడదు. మీనాక్షిని అడిగాను, చెప్పనా అని. నీ ఇష్టం మావయ్యా, చెప్పినా రేపటికి ఉండదేమో అంది. ఉండకపోయినా ఒక్కసారి మీ చెవిన పడాలని రాస్తున్నాను.

ఇందులో నేను కల్పించినవి ఇవి. రష్యా ఉత్తరం కల్పితం. ఏనాడూ విచారించలేదన్నది కల్పితం. పెళ్ళయ్యాక ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు, అటక మీద పాత సంచికలు చెదలు తిన్నాయని తెలిసి మీరు ఆ రోజు అన్నం తినలేదు, నేను చూశాను. "గ్రహరేఖ"ని ఎవరూ మళ్ళీ మొదలుపెట్టలేదు. మీ కథ అచ్చవదు. నాలుగు వేల మంది లేరు, ఒక వ్యాన్‌కి సరిపడా ఉన్నారు, వాళ్ళలో సగం మంది ఇప్పుడు ఊళ్ళోనే లేరు. మహీధర్ అనేవాడు లేడు. ఆ ఉత్తరాలన్నీ హోటల్లో బియ్యం బస్తాల మీద కూర్చుని నేను రాసినవి. వాన్‌లో పనిచేసే సాయి తేజ అనే కుర్రాడు అక్కడ పోస్ట్ డబ్బాలో వేసేవాడు. ఉప్పు గ్రహం మీద వంటవాడు లేడు, అది మీరు అప్పుడే పట్టుకున్నారు. రిషిత ఉంది. ఆమె అడిగినవన్నీ ఆమె అడిగినవే.

తమ్ముడు అందగాడు అన్నది కల్పితం. తమ్ముడు అన్నది కాదు.

కోదండం